కడిగిన చేతులు

అమెరికాలోని డులూత్‌లో సరస్సు ఒడ్డున పాత చేపల గిడ్డంగి. దాని పై అంతస్తులో వెర్నా అచ్చుగది. శనివారం పొద్దున. గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఆమె నోరు మెదపనిస్తే కదా.

"...అలా గుమ్మంలో నిలబడితే చలంతా లోపలికొస్తుంది. ఆ తలుపు మూసి రండి. కోటు విప్పి మేకుకి తగిలించండి. అలా కాదు, వీపు గోడవైపుకి."

"వీపు గోడవైపా? ఎందుకండీ?"

"రంగు చిందుతుంది. పేరు?"

"ఆర్విడ్. అమ్మా, నేను వచ్చింది..."

"వచ్చారు కదా, చాలు. ఆ ఏప్రన్ కట్టుకోండి."

"దీని మీద ఎవరి పేరో ఉంది."

"ఉంటుంది. కట్టుకోండి. నేను వెర్నా. ఈ రోజు మోనోటైప్ క్లాసు. పలక మీద రంగు రాసి, బొమ్మ చేసి, దాన్ని కాగితం మీదకి ఎక్కిస్తాం. ఒక బొమ్మకి ఒక్కటే అచ్చు. రెండోది కావాలన్నా అంత బాగా రాదు."

"అది కాదు వెర్నా గారూ, నేను..."

"మొదటిసారా? మొదటిసారి అందరూ ఇలాగే నసుగుతారు. ఏవీ, చేతులు చూపించండి. అబ్బో! ఏం చేతులండీ! బరువులెత్తే చేతులు."

"అదే చెప్పబోతున్నా. నా పనే..."

"పని సంగతి సోమవారం చూసుకోవచ్చు. ఈ రోలరు పట్టుకోండి."

"మిగతావాళ్ళు రాలేదా?"

"ఇంకో నలుగురు రావాలి. మంచుకి ఆగిపోయుంటారు."

"మంచా? రోడ్డంతా పొడిగానే ఉందండీ."

"వాళ్ళుండే వైపు పడుంటుంది. నొక్కకండి, ఊరికే దొర్లించండి. చప్పుడు వినండి. పెనం మీద వెన్నలా చిటపటమంటోందా? అయితే రంగు సరిపోయినట్టే."

"ఈ అచ్చు ప్రెస్సు బరువెంతుంటుందండీ?"

"క్లాసుకొచ్చినవాళ్ళెవరూ ఆ మాట అడగరు."

"ఊరికే... ముక్కలుగా ఊడుతుందా అని."

"ఊడుతుంది. మధ్యాహ్నం ఎలాగూ వెళ్ళిపోతుంది లెండి. ఒక కాలేజీకి ఇచ్చేశాను. చక్రం తిప్పాలంటే నా భుజం ఒప్పుకోవడం లేదు. దీని మీద ఇదే ఆఖరి క్లాసు."

"ఆ సంగతేనమ్మా. బండివాళ్ళు..."

"మధ్యాహ్నం వస్తారు."

"మధ్యాహ్నమా? మాకు పొద్దున్నే అని... అంటే, వాళ్ళకి పొద్దున్నే అని చెప్పారేమో."

"దాని ఊసు ఇప్పుడెందుకు? ఈ గుడ్డతో రంగు తుడుస్తూ బొమ్మ చెయ్యండి. తుడిచినచోటల్లా తెల్లగా వస్తుంది."

"నాకు బొమ్మలు రావండీ."

"ఎవరికొచ్చు? కళ్ళకి ఏది కనబడితే అది చెయ్యండి. ఊఁ. ఏంటది, నిచ్చెనా?"

"మెట్లు. మీ మెట్లే. ఎక్కుతూ చూశా. ఇదిగో, ఈ మలుపు దగ్గర మరీ ఇరుకు. ఏ సామానైనా ఇక్కడే ఇరుక్కుంటుంది."

"వచ్చినవాళ్ళంతా కిటికీలోంచి సరస్సు చూసి సరస్సే వేస్తారు. మెట్లు వేసినవాడివి నువ్వొక్కడివే. బాగుంది, నిజంగా బాగుంది. ఏయ్, ఆగాగు! కాగితం ముట్టుకోకు!"

"ఏమైందండీ?"

"నీవి రంగు చేతులు. కాగితం పట్టాల్సింది కడిగిన చేతులు. అందుకే ఈ పనికి ఇద్దరుండాలి. ఒకరిది రంగు, ఒకరిది కాగితం. జరుగు, నేను పడతాను."

"మరి ఒక్కరే ఉన్నప్పుడో?"

"ఆ అట్టముక్కలు చూశావా? వాటిని మడిచి, వాటితో అంచు పట్టుకోవడమే. ఇంగా వెళ్ళినప్పట్నుంచీ నాకు ఆ అట్టముక్కలే."

"ఇంగా అంటే... ఈ ఏప్రన్ మీద పేరు?"

"ఆ. నా కడిగిన చేతులు. ఈ గది మా ఇద్దరిదీ. కీళ్ళనొప్పులు, ఎండ కావాలంటూ అరిజోనా వెళ్ళిపోయింది."

"ఫోను చేస్తుంటుందా?"

"క్రిస్మస్‌కి కార్డు పంపుతుంది. కొట్లో కొన్న కార్డు."

"పోన్లెండి, పంపుతోంది కదా."

"నీకు తెలీదులే. అచ్చు వేసే మనిషి కొన్న కార్డు పంపిందంటే... సరే, పోనీ. ఇప్పటికీ రంగు రాయడం కాగానే 'కాగితం!' అని కేకేస్తాను. అలవాటు. అందించేవాళ్ళెవరూ ఉండరు. అప్పుడు తెలుస్తుంది ఈ గది ఎంత పెద్దదో. ఏడుపొస్తుంది. ఏడ్చినా ఆ రంగు చేతులతో కళ్ళు తుడుచుకోలేను, అదొకటి."

"అయ్యో..."

"ఎవరా హారన్?"

"ఎవడో... అంత చిరాగ్గా కొట్టేది మా డేల్ ఒక్కడే. అంటే, డేల్ లాంటివాడెవడో."

"నువ్వు వెళ్ళాలా?"

"అబ్బే, లేదు. వాడి దగ్గర శాండ్‌విచ్ ఉంది. ఉండే ఉంటుంది, తింటూ ఆగుతాడు."

"అయితే చక్రం తిప్పు. మెల్లగా. మధ్యలో ఆపకు, ఆపితే గీత పడుతుంది."

"ఎంత నున్నగా తిరుగుతోందండీ!"

"పసిపిల్లలా చూసుకున్నాను మరి. చాలు, చాలు. ఇప్పుడు కాగితం మూల పట్టి ఎత్తుతా. చూసుకో."

"ఇది నేను చేసిందేనా! అరె, నా మెట్లే! ఇదేంటి, ఇటు తిరిగాయి? నేను ఎడమకి కదా వేశాను."

"అచ్చులో అంతే. అన్నీ తిరగబడతాయి."

"నిజం మెట్లు కూడా ఇటే తిరిగుంటే ప్రెస్సు హాయిగా దిగేది."

"ఏమన్నావు?"

"అమ్మా, ఇంక దాచలేను, తిట్టుకోకండి. నేను క్లాసుకి రాలేదు. ఈ ప్రెస్సు పట్టుకెళ్ళడానికి వచ్చిన బండివాణ్ని. కింద హారన్ కొడుతున్నది మావాడే. మొదట్లో చెబుదామంటే మీరు చెప్పనివ్వలేదు. తర్వాత మీరింత ఇష్టంగా నేర్పుతుంటే నాకే నోరు రాలేదు. ఆ నలుగురూ వచ్చి వెళ్ళేదాకా ఆగుతాం. వాళ్ళకీ నేర్పండి. డేల్‌కి నేను చెప్పుకుంటా."

"ఎవరూ రారు."

"మంచేం లేదని చెప్పానుగా. వస్తారు లెండి."

"ఈసారి అసలు ఎవరూ పేరే ఇవ్వలేదు."

"మరి... నన్ను చూసి, ఒక్కడైనా వచ్చాడనుకున్నారా? అయ్యో, ఎంత పనైంది! క్షమించండమ్మా, నేను ముందే..."

"నువ్వు తలుపు మూయడానికి అటు తిరిగినప్పుడే కోటు వీపు మీద మీ కంపెనీ పేరు చూశాను నాయనా. గోడవైపు తిప్పి తగిలించమన్నది అందుకే. వెళ్ళి చేతులు కడుక్కురా. ఈసారి రంగు నేను రాస్తాను, కాగితం నువ్వు అందించు."