మూడు కాళ్ల పీట

వడ్రంగి షెడ్డులో అన్న చెక్కకి చిత్రిక పడుతున్నాడు. తమ్ముడు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రేపే పరీక్ష అన్నయ్యా. పిల్లని ఇవాళ నీ దగ్గరికి పంపను."

"మూడో క్లాసు పిల్లకి ఎనిమిదో క్లాసు పరీక్ష! చెప్పులు పెద్దవయ్యాయని కాళ్లు సాగదీస్తావుట్రా?"

"బడివాళ్లే రాయించమన్నారు. దాని తెలివి అలాంటిది."

"ఏమీ నేర్పకుండా పంపమన్నారుగా, తనంతట తాను ఎందాకా పోతుందో చూస్తామని?"

"అంటారు. నేర్పకుండా ఎవడు పంపుతాడు? ఆరో క్లాసులోనే బడి మానేసినవాడివి, నీకేం తెలుసు?"

"నాకేం తెలీదు. పోయిన నెల అది ఇక్కడే కూర్చుని, మూడు కాళ్ల పీట గతుకుల నేల మీద కూడా ఎందుకు ఊగదని అడిగింది. తెలీదమ్మా అన్నాను. సాయంత్రందాకా పుల్లలు నిలబెట్టుకుని, తనే కనిపెట్టి నాకు చెప్పింది."

"ఆ పుల్లలాటలన్నీ మాన్పించేశాను."

"తెలుస్తూనే ఉంది. నిన్న వచ్చినప్పుడు, మరి నాలుగు కాళ్లది ఎందుకు ఊగుతుందే అని అడిగాను."

"ఏమంది?"

"'నాలుగు జవాబులు చెప్పు పెదనాన్నా, ఒకదానికి టిక్కు పెడతాను' అంది."

తమ్ముడి మొహం వెలిగిపోయింది.

"చూశావా అన్నయ్యా! ఎన్నాళ్లకి దారికొచ్చింది!"