ఏ సోంబరు?

హలో… ఆ, నేనేనండీ, డాలీని. అరకు ఆఫీసు నుంచి. రవిబాబు గారూ, బేగి చూడండి, మన సర్వరు—

…మీరెవరు?

ఓ… ఆయన సెలవా? ఫోను మీకిచ్చి వెళ్లారా… సరే సర్. ఎవరైతేనేం, పనయితే చాలు.

పొద్దున్నుంచీ ఇదే వరస. పాస్‌వర్డ్ కూడా అడగడం లేదు. 'ఈ పేరుతో సర్వరు కనబడలేదు' అంటోంది, అంతే.

ఉంది, నెట్టుంది. లేకపోతే నా పక్కన కూచున్న మా కనక ఈ పాటలెలా వింటుంది?… ఉండండి, స్పీకర్లో పెడతాను. కీబోర్డుకి రెండు చేతులూ కావాలి.

ఆ, చెప్పండి… కొట్టాను… పేరు అక్షరం అక్షరం చూశాను… లేదు సర్. మళ్లీ అదే.

లేకుండా ఎలా పోతుంది? నిన్నటిదాకా ఉంది! క్వారీ మీద సాక్ష్యం చెప్పిన వాళ్ల వివరాలన్నీ అందులోనే… కాపీయా? లేదు. కాగితాల మీదుంటే ఎవరైనా ఎత్తుకుపోతారని రవిబాబు గారే వద్దన్నారు.

తొందరంటే… రేపు విశాఖలో కోర్టు సర్. క్వారీ పేలుడులో ఇద్దరు పోయారు కదా, కళ్లారా చూసినవాడు ఒక్కడే. వాణ్ణి ఒకరింట్లో దాచాం. రేపు బయల్దేరమని కబురు చెయ్యాలంటే ఆ ఇంటి ఫోను నంబరు కావాలి. అది అందులోనే ఉండిపోయింది.

పేరా… సోంబరు.

అవును సర్, సోమవారం పుడితే సోంబరే. మా కొండల్లో వారాల పేర్లే ఎక్కువ. సంతలో ఒక్కణ్ణి పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు.

ఏంటి సర్?… పెదలోవ సోంబరా, గుమ్మడిగూడ సోంబరా అంటే…

…సర్.

సర్వరే దొరకడం లేదు కదా. ఈ ఊళ్లు మీకెక్కడ కనబడుతున్నాయి?

…

కనకా, ఆ పాటాపు. ఆపవే!

మీరెవరండీ? రవిబాబు గారేరి?

…మీ పక్కనే ఉన్నారా? ఏదీ, ఇవ్వండి ఫోను.

రవిబాబు గారూ! ఏటయింది, గొంతేటలాగుంది?… కొట్టారా?… వద్దు, మాట్లాడకండి. మీరు మాట్లాడకండి.

సర్… సర్, ఆయన్నేమీ చెయ్యకండి. పిల్లలున్నవాడు. చెప్తాను… చెప్తానంటున్నాను కదా! ఆయన మీ దగ్గరుంటే నేనెందుకు అబద్ధమాడతాను?

…గుమ్మడిగూడ.

ఆ. కొండమీద చివరిల్లు. జీపు ఎక్కదు, కింద వాగు దగ్గర వదిలేసి నడవాలి… అవును, ఆ సోంబరే. నలుగురిలో ఉన్నప్పుడు నోరు విప్పడు, మీరు పిలిచినా పలకడు… ఇంక రవిబాబు గార్ని వదిలెయ్యండి… సర్? హలో?… హలో?

పెట్టేశాడు.

కనకా, ఏడుపు తరవాత. ముందు ఇను. గుమ్మడిగూడ సోంబరు పోయిన వానాకాలంలో జొరమొచ్చి పోయాడు కదా, ఆ పేరు తియ్యడం మరిసిపోయాం. ఖాళీ ఇల్లది. ఆళ్లు కొండెక్కి దిగేలోపు మనోణ్ణి దాటించెయ్యాల. నువ్వెల్లి మోసెస్ అన్నని జీపు తియ్యమను. పెదలోవ సోంబరు చింతపల్లిలో బేబి అప్ప ఇంట్లో ఉన్నాడని సెప్పు. చర్చి దాటాక మిరియాల తోట, దాని ఎనకాలే నీలం తలుపు. బేగి ఎల్లు! రవిబాబు గారి కోసం నేను పోలీసులకి సేత్తాను, ఆ ఫోనిలా—

ఏటే, అలా సూత్తన్నావు?

…ఆడు పెట్టెయ్యలేదా? ఫోన్లో నిమిషాలింకా నడుత్తన్నాయా?