డేలియా గడ్డలు తిన్న పందికొక్కు

మార్కాపురం మిషను బంగళా గేటుకు ఎదురుగా మస్తానయ్య టీ కొట్టు ఉంది. ఆ కొట్టు పంచలో గంప పెట్టుకుని హన్నా ఉడకబెట్టిన చిలగడదుంపలు అమ్ముతుంది. ఆమె మొగుడు ఏబేలు బంగళాలో తోటమాలి. పని తోటలోనే గానీ మకాం మాత్రం కొట్టులో. అతను నోరు తెరిచాడంటే ఎవరి చేతిలో టీ వాళ్ల చేతిలోనే చల్లారిపోవాలి.

ఆ పొద్దున అతను గేటు దాటి వస్తుంటే హన్నా ముందు అతని తలగుడ్డ వైపు చూసింది. అందులో పళ్లెమంత ఎర్రటి డేలియా పువ్వు చెవి మీదికి వాలి ఉంది. బంగళా దొరసాని కోపంగా ఉంటే పువ్వు ఇస్తుందా? ఇవ్వదు. అంటే పని నిలబడినట్టే. ఇక మొగుడు మళ్లీ పలకల గనికి పోనక్కర్లేదు, ఆ రాతి దుమ్ము మింగి ఇంటికొచ్చి దగ్గనక్కర్లేదు. "స్తోత్రం ప్రభువా" అనుకుని కొంగుతో మొహం తుడుచుకుంది. వానకాలం నుంచి గుండె మీద ఉన్న బండ ఒకటి దిగింది. ఒకటే దిగింది, ఇంకోటి అట్లాగే ఉంది.

"ఏందన్నా, పువ్వు నెత్తికెక్కింది?" అన్నాడు బండి తోలే నాగేశ్వర్లు, బెంచీ మీద జరిగి చోటిస్తూ. ఆ పక్కనే మిషను బడి పంతులు కరుణాకరం గారు, బడి గంట కొట్టేలోపు తినాలని దుంప తొక్క తీసుకుంటున్నారు.

"ఎక్కదా మరి! దొరసాని తన చేత్తో తెంచి ఇచ్చినాది. ఊరికే పూసిందనుకున్నావా? డేలియా గడ్డ నాటడమంటే దోసగింజ విసిరినట్లు కాదు నాయనా. మోకాటి లోతు తవ్వినా, వేపపిండి వేసినా, బూడిద చల్లినా, మడి చుట్టూ పలక ముక్కలు గోడ మాదిరి నిలబెట్టినా. గడ్డను పడుకోబెట్టి, మొలక కన్ను పైకి తిప్పి, పసిబిడ్డకు దుప్పటి కప్పినట్లు మన్ను కప్పినా. మొక్క లేచినాక కర్ర పాతి అరటినారతో కట్టినా. రోజూ తెల్లారేసరికి గొంగళిపురుగులను ఏరి కిరసనాయిలు డబ్బాలో వేసినా."

ఇంతవరకూ నిజమే. హన్నా కళ్లారా చూసిందే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా? కొన్ని దినాలు పోయేసరికి నా అడుగుల చప్పుడు ఆ పురుగులకు తెలిసిపోయినాది. నేను గేటు తీసినానో లేదో, ఆకుల మీంచి దిగి వరసగా నడిచొచ్చి డబ్బాలోకి అవే దూకేవి. నేను మూత తీసి పట్టుకునేది, అంతే."

"నువ్వంటే అంత భయమా వాటికి?" అన్నాడు మస్తానయ్య టీ వడపోస్తూ.

"భయం కాదు మస్తానూ, మర్యాద. ముసలి పురుగొకటి డబ్బా ఎక్కలేక ఆయాసపడతా ఉంటే నేనే చెయ్యిచ్చి ఎక్కించినా."

హన్నా నవ్వుకుంది. మామూలుగా అయితే ఈపాటికి ఇంటికి పద అని గదమాయించేది. ఇవాళ పొంగనీలే అనుకుంది. ఇన్నాళ్లూ ఆ మనిషి కోతలు కోయడం కూడా మానేసి మడి దగ్గరే కూర్చున్నాడు. అతని నోరు మళ్లీ లేవడం చూస్తుంటే ఆమెకు ప్రాణం కుదుటపడుతోంది.

"పురుగుల సంగతి సరే. మట్టిలో పెట్టకముందే గడ్డలు సగం పోయినాయంట గదా?" అన్నాడు నాగేశ్వర్లు.

హన్నా చెయ్యి గంప మీదే ఆగిపోయింది.

సంగతి ఏమిటంటే, ఆ గడ్డలు కూనూరు నుంచి రైల్లో వచ్చాయి. బంగళా గోదాములో ఎలుకలున్నాయని ఏబేలు సంచిని తన గుడిసెలోనే మూలన పెట్టాడు. పక్కనే హన్నా చిలగడదుంపల సంచి. ఒకనాడు చూస్తే డేలియా సంచి సగానికి దిగింది. పందికొక్కు తిన్నదని దొరసానికి చెప్పాడు. మిగిలినవాటిలో ఒక్కదానికి ఏమైనా నీ పని పోయినట్టే అంది ఆవిడ. ఆ పందికొక్కు ఎవరో హన్నాకు తెలుసు. మొగుడికి చెబుదామంటే, ఆ నోట్లో నువ్వుగింజ నానదు; పొద్దెక్కకముందే దొరసాని చెవిన పడుతుంది. అందుకని నోరు కట్టుకుని, ముద్ద దిగక, వానకాలం చలికాలం రెండూ గడిపింది.

"పోయినాయా? పోనిస్తే నేను ఏబేలునెట్ల అవుతా!" అతను తొడ చరిచాడు. "అది మామూలు పందికొక్కు కాదు. దున్నపోతు దూడంత ఉంది. నల్లమలలో పుట్టి, డేలియా వాసన పట్టి, సొరంగం తవ్వుకుంటా నా మంచం కిందికి తేలినాది. నేనూ లాంతరు తీసుకుని అదే సొరంగంలో దిగినా. పోతా ఉంటే, పోతా ఉంటే, నెత్తిన టపటపా నీళ్లు. ఏందిరా అని చూస్తే పైన కంభం చెరువు!"

"చెరువు కిందనా!"

"కిందనే. చేపలు కనబడినాయి. ఇంకా పోతే పైన గడగడా రైలు చప్పుడు. అప్పుడు తెలిసినాది గిద్దలూరు వచ్చినానని. అక్కడ ఆ దొంగముండ కూర్చుని గడ్డ కొరకబోతా ఉంది. తోక పట్టుకున్నా. అది లాగే, నేను లాగే, ఆ లాగుడుకు కొండ పగిలి ఇద్దరం రైలు పోయే బొగదాలో తేలినాము. ఎదురుగా మెయిలు! ఒక చేత్తో తోక వదలకుండా, ఇంకో చేత్తో ఇంజను ముక్కు మీద చెయ్యి పెట్టి, 'ఉండు నాయనా' అన్నా. నిలబడినాది."

"ఆ తోక ఏదన్నా?"

"గార్డు దొర అడిగి తీసుకున్నాడు. పచ్చజెండాకు కర్ర లేదంట." ఏబేలు టీ ఒక్క గుక్క తాగి మూతి తుడుచుకున్నాడు. "గడ్డలు తిన్నవి తిన్నాది గానీ, ఇక మిషను వైపు తిరిగి చూడనని నా కాళ్ల మీద పడినాది పాపం."

నాగేశ్వర్లు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. కరుణాకరం పంతులు మాత్రం నవ్వలేదు. చేతిలో దుంపను తిప్పి తిప్పి చూస్తున్నారు.

"ఏబేలూ, అది ఏ రోజు జరిగినాది?"

"పొదిలి సంత మరుసటినాడు పంతులుగారూ. బాగా గుర్తు."

"నాకూ గుర్తే. ఆ పొద్దున ఇదే బెంచీ మీద కూర్చుని దుంపలు తిన్నా. తీపి లేదు, పీచు లేదు. పలక తుడిచే తడిగుడ్డ నమిలినట్లుంది. హన్నమ్మ నొచ్చుకుంటుందని మాట్లాడకుండా మింగినా." ఆయన కండువాతో వేళ్లు తుడుచుకున్నారు. "నీ పందికొక్కు కోసం గిద్దలూరు దాకా ఎందుకయ్యా? చెయ్యి చాపు. గంప ముందు పెట్టుకుని కూర్చుని ఉంది."

అందరూ ఒక్కసారి పంచ వైపు తిరిగారు.

హన్నా లేచి నిలబడింది. ఎన్నాళ్లుగానో నోట్లో నొక్కిపెట్టిన మాట ఇక ఆగలేదు. "తెల్లారుజామున దీపం లేదు. రెండు సంచులూ ఒకే మూలన పెడితివి. తడిమి చూస్తే అదీ దుంపే, ఇదీ దుంపే. ఉడకేసినా, అమ్మినా. నీ పని పోతుందని చెప్పలేదు." చెప్పేసరికి ఏడుపొచ్చింది, దానితోపాటే నవ్వూ వచ్చింది. రెంటిలో దేన్ని ఆపాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకుంది.

"అయ్యో, మరి దొరసానికి తెలిస్తే?" అన్నాడు మస్తానయ్య.

"ఎవరు చెబుతారు? అమ్మింది ఆమె, తిన్నది నేను," అన్నారు పంతులు, పొట్ట నిమురుకుంటూ. "పూలు పూసినాయి, ఆవిడ సంతోషంగా ఉంది. ఇక ఆ మాట ఇక్కడే పూడ్చిపెడదాం."

రెండో బండ కూడా దిగింది. హన్నా చతికిలబడి తనివితీరా ఊపిరి పీల్చుకుంది.

ఏబేలు భార్య మొహం చూశాడు, గంప చూశాడు, పంతులుగారి పొట్ట చూశాడు. తర్వాత మెల్లగా తలగుడ్డలోని పువ్వు తీసి, ఆమె కొప్పులో దోపి, జనం వైపు తిరిగాడు.

"చెప్పినానా లేదా, అది మామూలు పందికొక్కు కాదని!"