తుఫానుకు చలాన్

"చలాన్ అంటే అంత బెదురేందబ్బా మునిశేఖరా? అదేమన్నా చిరుతపులా మీదబడి పీకేదానికి? కాగితం. ఇప్పుడు కాగితం కూడా కాదు, ఫోన్లో టింగుమని ఒక శబ్దం, అంతే. నేను సూడని చలానా? ఒగసారి పూతలపట్టు క్రాసు కాడ నాకు రాసిన చలాన్ని, నిలబడిన తావునే నిలబడి కొట్టేపిచ్చినా. రుక్మిణమ్మక్కా, నాకొక టీ. చక్కెర రవ్వంత ఎక్కువెయ్యి, ఇది బిర్నా అయిపోయే కథ కాదు."

వడమాలపేటలో రోడ్డు వారన రుక్మిణమ్మ టీ అంగడి. పొద్దు వాలతా ఉంది. బెంచీ మీద మధ్యలో కథ మొదలుపెట్టిన దేవరాజులు కూర్చోనుంటే, ఒక పక్క ట్యాక్సీ డ్రైవరు మునిశేఖర్, ఇంకో పక్క ఆస్పత్రి డ్యూటీ దిగి వచ్చిన నర్సు కృపామణి.

"నీకు ఆటగా ఉండాది మామా," అన్నాడు మునిశేఖర్. "ఒకే తావున మూడు చలాన్లు. మన బడి కాడ నలభైకి మించి పోయినానంట. నలభై అని బోర్డు ఉండాదంట. రోజూ పోయే దోవ, నా కంటికి ఏ బోర్డూ కనపడలా. రేపు పదకొండు గంటలకు ఆఫీసరు ముందర సరైన జవాబు చెప్పకపోతే మూణ్ణెల్లు లైసెన్సు ఆపేస్తారు. స్టీరింగు తప్ప నాకు ఇంకో పని తెలీదు. పిల్లోళ్లకు ఏం పెట్టేది?"

"నాకూ ఒకటి వచ్చింది," అంది కృపామణి. "మాకు రాస్తారు సరే, కంకర టిప్పర్లు మా చెవి పక్కనే దూసుకోని పోతాయే, వాటికి రాయరా? రేపు నేనూ మునిశేఖర్‌తో పోతా ఉండా. అడగాల్సింది అడిగే వస్తాను."

"అదీ మాట! న్యాయం అడిగేటోళ్లు మెత్తగా ఉండకూడదమ్మా కృపామణీ. నన్ను సూసి నేర్చుకో. ఆ పొద్దు ఏం జరిగినాదంటే, మా చిన్నమ్మ కూతురి పెండ్లికి పోతా ఉండా, నా పాత మోపెడ్డు మీద, ముందర ఒక బియ్యం మూట, వెనక ఒక పనసకాయ. ఆ మోపెడ్డు సంగతి మీకు తెలీదు, మిట్ట వస్తే నేను దిగి నెట్టాల, పల్లం వస్తే దాన్ని నేను పట్టుకోవాల. పూతలపట్టు క్రాసు కాడ చింతమాను మరుగున ఒక ఎస్సై, చేతిలో స్పీడు గన్ను. ఆపినాడు. 'పెద్దాయనా, నూటా పద్దెనిమిది' అన్నాడు. ఏంది సామీ నూటా పద్దెనిమిది, బియ్యం మూట బరువా అన్నా. 'కాదు, నీ స్పీడు' అన్నాడు. ఇంకొకడైతే చేతులు కట్టుకోని, తప్పయిపోయినాది సామీ అనుండును. నేనేం చేసినానో చెప్పు సూద్దాం?"

"చెప్పకుండా ఉంటావా," అని రుక్మిణమ్మ గ్లాసు చేతికిచ్చింది.

"పనసకాయని దించి నడిరోడ్డు మీద పెట్టినా. 'సామీ, నీ గన్ను దీనికి పెట్టు' అన్నా. పెట్టినాడు. అరవై రెండు! కాలు లేదు, చక్రం లేదు, గమ్మున కూర్చోనుండే పనసకాయ అరవై రెండులో పోతా ఉండాదంట! 'రాయి సామీ' అన్నా. 'దీనికీ రాయి చలాన్. నాకొక న్యాయం, పనసకాయకొక న్యాయమా?' ఎస్సై మొగం సూడాలబ్బా నువ్వు. చెమటలు. బస్సులు ఆగిపోయినాయి. బస్సులో జనం కిటికీల్లోంచి తలకాయలు బైటపెట్టి ఒకటే ఈలలు. నా చలాన్ ఆడికాడికే చింపేసినాడు. ఇది జరిగినాది, దీంట్లో రవ్వంత అబద్ధం లేదు."

"ఆ పనసకాయ ఏమయినాది మామా?"

"పెండ్లికి పోయినాది, ఇంకేమవుతాది? నువ్వు అడ్డం రావద్దు, అసలు సంగతి ఇప్పుడే మొదులయ్యేది. పోతా ఉండే నన్ను ఎస్సై పిలిసి, చెయ్యి పట్టుకోని, 'గన్ను చెడిపోయినాదని నాకిప్పుడు తెలిసె, దీన్ని సరిచేసేది ఎట్ల?' అన్నాడు. పాపం అనిపించినాది. సరిచేయాలంటే సరిగ్గా నలభైలో పోయేది ఒకటి ముందర కనపడాల. బండ్లు నిలకడగా పోతాయా? ముప్పై ఎనిమిది అంటాది, నలభై మూడు అంటాది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లుంగీ ఎగ్గట్టి నేనే పరిగెత్తినా! క్రాసు నుంచి కాణిపాకం దోవలో రెండు మైళ్లు పోయి మళ్లా వచ్చినా. నలభై. ముప్పై తొమ్మిది లేదు, నలభై ఒకటి లేదు, గన్ను మీద ముల్లు అంటుకోని పోయినట్టు నలభై! వెనకాల ఒక ఆటోవోడు దోవ ఇయ్యమని హారను కొడతానే ఉండాడు, నేను ఇయ్యలా. దోవిస్తే లెక్క తప్పుతాది గదా."

కృపామణి నవ్వు ఆపుకోని, "పెండ్లికి అందుకున్నావా అన్నా?" అని అడిగింది.

"తాళి కట్టే టయానికి చెమట తుడుసుకుంటా నిలబడుండా. అది పక్కన పెట్టు. రెండు దినాలకు ఇంటి ముందర జీపు. పెద్దాఫీసరు దిగినాడు, టోపీ తీసి సంకలో పెట్టుకోని, 'దేవరాజులు గారూ, ఈ గన్ను మీ చేతిలో ఉంటేనే జిల్లాకు న్యాయం' అన్నాడు. నేను మొదులు కాదన్నా. నాకు మామిడి తోపు ఉండాది, బర్రెలుండాయి, నాకెందుకు సామీ ఈ గన్ను అన్నా. ఆయప్ప కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. సరే, ఒక షరతు మీద పట్టుకుంటా అన్నా. మోపెడ్డుకైనా మంత్రి కారుకైనా ఒకటే గన్ను, ఒకటే చలాన్. ఒప్పుకున్నాడు.

"మొదటి దినమే మంత్రి వచ్చినాడు. ఏ మంత్రి అని అడగొద్దు, మర్యాదగా ఉండదు. ఎనిమిది కార్లు, ముందర సైరను. నడిరోడ్డు మీద నిలబడి చెయ్యెత్తినా. ఎనిమిది కార్లూ బొమ్మల్లాగా నిలబడిపోయినాయి. తొమ్మిది చలాన్లు రాసినా."

"కార్లు ఎనిమిదే కదా," అన్నాడు మునిశేఖర్.

"సైరనుకు ఒకటి! కారు కంటే ముందర వచ్చినాది గదా దాని శబ్దం. మంత్రి దిగొచ్చి నా భుజం తట్టి, 'ఇన్నాళ్లకు ఒక మొగోణ్ణి సూసినా' అన్నాడు. ఇంక టిప్పర్లంటావా కృపామణీ, నువ్వు అప్పుడు ఈ ఊరికి రాలా, లేకుంటే సూసుందువు. కంకర టిప్పరు వస్తా ఉంటే ఈ ఎడమ చెయ్యి, ఇదిగో ఈ చెయ్యే, ముందరి బంపరు మీద పెట్టినా. వెనక చక్రాలు లేసినాయి. కంకరంతా డ్రైవరు నెత్తిన పడినాది. ఆ పొద్దు మొదులు టిప్పర్లు నన్ను సూస్తే లైట్లు ఆర్పుకోని పక్క దోవలో పోయేవి. పుత్తూరు గేటు కాడ రైలుకు రాసినా. గార్డు దిగి సంతకం పెట్టి పోయినాడు. ఒకనాడు టీకి ఆత్రంగా వస్తా నేనే రవ్వంత స్పీడుగా నడిసినా, నాకు నేనే రాసుకున్నా. మనసు ఒప్పుకోవాల గదబ్బా!"

"ఆ పొద్దు టీ ఏ అంగట్లో తాగినావో, నా అంగట్లో మాత్రం కాదు," అంది రుక్మిణమ్మ.

"నువ్వుండక్కా. అసలైన దానికి వస్తా ఉండా. మొన్న కార్తీక మాసంలో మెడ్రాసు దిక్కు నుంచి తుఫాను వచ్చినాది సూడు. టీవీలో గంటకు నూటా పది, నూటా పది అని ఒకటే అరుపులు. నాకు కడుపు మండిపోయినాది. మన మునిశేఖరు లాంటోడు నలభై అయిదులో పోతే నోటీసు, అది నూటా పదిలో వస్తే అడిగేవాడు లేడా? పేదోడికొక రూలు, గాలికొక రూలా? గన్ను ఎత్తుకోని పుత్తూరు మిట్ట ఎక్కినా. గొడుగు కూడా లేదు. మాన్లు పెరుక్కోని నా పక్కనే పోతా ఉండాయి, రేకులు పోతా ఉండాయి, ఒక మేక కూడా పోయినాది, అది నన్ను సూసి అరిసింది కూడా. నేను కదల్లా. గన్ను పెట్టినా. నూటా పన్నెండు! టీవీవోళ్లు రెండు తగ్గించి చెప్పినారు. నిలబడు అన్నా. నిలబడినాది."

"తుఫానా మామా?"

"తుఫానే. దానికి నడిమధ్యన కన్ను ఉంటాదంటారు గదా, ఆ కన్నులోకి సూసి అడిగినా. 'యాడికి పోవాల అంత బిర్నా? ముందర వడమాలపేట ఉండాది, బడి ఉండాది, పిల్లోళ్లు తిరగతా ఉంటారు, తెలీదా?' అన్నా. తల వంచుకున్నాది. నెంబరు ప్లేటు లేదు, అందుకని పేరు రాసుకోని చలాన్ చేతికిచ్చినా. అప్పుడు సూడాల! ఆడి నుంచి ముప్పైలో, బుద్ధిగా, రోడ్డుకు ఎడమ పక్కనే, జల్లు జల్లుగా కురుసుకుంటా పోయినాది. ఆ తుఫానుకు మన ఊర్లో ఒక్క అరటిమాను ఒరగలేదంటే ఎవరి వల్లనుకుంటిరి?"

"హెల్మెట్ లేదని ఇంకొకటి రాయలేదా అన్నా?" అంది కృపామణి.

"రాద్దామనుకున్నా, మంచిగా మాట వినింది గదా, పోనీలే అని వదిలేసినా. మరి ఇంత చేస్తే జనం ఊరికే ఉంటారా? నేను వద్దు వద్దంటా ఉండా, నాకు ఇట్లాంటివి పడవు, అయినా వింటేనా? పెద్ద ఫ్లెక్సీ కొట్టిపిచ్చి కట్టినారు. ఇరవై అడుగులు! నేను తెల్ల చొక్కా ఏసుకోని దండం పెడతా ఉంటా, కింద 'రోడ్డు భద్రతా వీరుడు దేవరాజులు' అని ఎర్రక్షరాలు. మునిశేఖరా, నువ్వు బడి దోవలోనే గదా పోయేది, సూళ్లేదా?"

"రోజూ సూస్తానే ఉండా మామా. ఆడ అదొకటే కదా కనపడేది."

కృపామణి గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"అన్నా, ఆ ఫ్లెక్సీ దేనికి కట్టినారు?"

"దేనికేంది, నా సేవకు!"

"అది కాదన్నా. ఏ కంబానికి కట్టినారు?"

"ఓ, అదా. బడి గోడ పక్కన ఒక ఇనప కంబం ఉండాది. శానా గట్టిది. ఒక పక్క దానికి, ఇంకో పక్క వేపమానుకు. గాలికి కొట్టుకుంటా ఉండె, అందుకని కంబం పైన గుండ్రంగా ఒక రేకు ఉంటే దాని మీదికంటా లాగి బిగిచ్చినా. బిగిచ్చినారు."

"ఆ రేకు మీద ఏం రాసుంది?"

"ఎర్ర అంచేసి నల్లగా ఏదో నెంబరు..." దేవరాజులు నోరు ఆడికాడికే ఆగిపోయింది.

మునిశేఖర్ మెల్లగా లేచి నిలబడినాడు.

"ఎప్పుడు కట్టినారు మామా?"

"పోయిన నెల పదో తేదీ. నా అరవయ్యో పుట్టిన... అదే, జనం నా సేవను గుర్తించిన దినం."

"నా మొదటి చలాన్ పదమూడో తేదీ."

"జనమేంది దేవరాజులూ," అంది రుక్మిణమ్మ స్టవ్వు కాడ నుంచి. "ఆ పొద్దు నా నిచ్చెన ఎత్తుకోని పోయింది నువ్వే కదా. ఇంకా తెచ్చియ్యలా."

మునిశేఖర్ దేవరాజులు వైపు తిరిగినాడు. "మూడు వారాలుగా నాకు నిద్ర లేదు మామా. నా కండ్లే పోయినాయేమో అనుకున్నా. నువ్వేమో ఆడ తెల్ల చొక్కా ఏసుకోని నాకు రోజూ దండం పెడతా ఉండావు! నీ మీద నాకు ఎంత కోపంగా ఉండాదో తెలుసా?"

దేవరాజులు చేతిలో టీ చల్లారిపోయింది. తువ్వాలుతో మొగం తుడుచుకున్నాడు. "తెలిసి కట్టలేదబ్బా," అన్నాడు. "అయినా అది అంత పెద్దదేం కాదులే."

"ఇరవై అడుగులంటివే?"

"ఇరవై యాడిదబ్బా! మాట వరసకు అన్నా. నాలుగు ఉంటాదేమో. నాలుగు కూడా ఎక్కువే, ఇదిగో, ఈ తువ్వాలంత. ఆ రేకు అంచు కూడా మూయదు అది."

కృపామణి బ్యాగు భుజానికి తగిలించుకుంది. "మునిశేఖర్, ఫోను తియ్యి. తాడు ఇప్పుడే తెంచొద్దు. వెలుతురు ఉండగానే ముందర నుంచి, వెనక నుంచి, రోడ్డు మీద నుంచి ఫొటోలు తీద్దాం. తర్వాత అన్నే ఎక్కి విప్పుతాడు. రేపు పదకొండు గంటలకు మనతో వచ్చి, కట్టింది నేనే అని రాసి సంతకం పెడతాడు. నీ లైసెన్సు తేలినాక టిప్పర్ల సంగతి నేను అడుగుతా."

"రేపా? రేపు నాకు తోపు కాడ..."

"వస్తావన్నా."

దేవరాజులు రుక్మిణమ్మ మొగం చూసినాడు. ఆమె స్టవ్వు తగ్గించి, "పోయిరా. వచ్చేటప్పుడు నిచ్చెన తీసుకోని రా," అంది.

దేవరాజులు లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "సరే వస్తా. చెప్తా. కానీ ఆఫీసరు కొలత అడిగితే ఏం చెప్పాలబ్బా?"

"ఇరవై అడుగులనే చెప్పు మామా," అన్నాడు మునిశేఖర్. "ఇంతసేపటికి నువ్వు చెప్పిన దాంట్లో అదొక్కటే నిజం."