మెట్ల కింద ఇరవై ఏడు

సభకు పెద్దగా కూర్చున్న మా అయ్యగారు రామకోటేశ్వరరావు గారికి, ఇంజనీరు బాబులకు, ఆర్కిటెక్టు హేమమ్మ గారికి, సోమవారం నుంచి నా బదులు టీలు పెట్టబోయే సువార్తమ్మకు రావమ్మ నమస్కారాలు. ఈ మైకు షాకు కొట్టదు గదా బాబూ? (నవ్వులు)

నేను చదివింది మూడో తరగతి. అయినా పంతొమ్మిదేళ్లుగా టీ గ్లాసు పట్టుకుని మన ఇంజనీరు మణికుమార్ బాబు వెనకాల నిలబడి కంప్యూటర్లో ప్లాన్లు చూస్తూనే ఉన్నాను. టీ ఒలికిపోతుందేమోనని ఆయన భయం ఆయనది, ఆ మేడ కూలిపోతుందేమోనని నా భయం నాది. ఓసారి మైలవరం ఆసుపత్రి ప్లానులో గదులకు పేర్లే లేవు, అన్నిటికీ 'స్పేస్ ఒకటి, స్పేస్ రెండు' అని ఉంది. "బాబూ, ఆపరేషన్ గదికి ఫ్యానూ, చెప్పుల గదికి ఏసీ పెట్టేస్తారేమో!" అని గుండె పట్టుకున్నాను.

"కంగారు పడకు మామ్మా. హేమ గారి ప్లానులో గదులకున్న పేర్లన్నీ ఒక్క నొక్కుతో మన దాంట్లోకి వచ్చేస్తాయి. ఆ పేరును బట్టే గాలెంతో, కరెంటెంతో లెక్క కడతాం" అన్నాడు. నొక్కాడు. టపటపా వచ్చేశాయి.

"మరి ఆవిడ పేరు పెట్టడం మర్చిపోయిన గదో?"

"అది ఉత్త స్పేసుగానే ఉండిపోద్ది."

ఆ రోజు నుంచి ఏ ప్లాను చూసినా పేరు లేని గది ఉందేమోనని వెతకడమే నా పని.

మొన్న కానూరులో కట్టబోయే మన కొత్త ఆఫీసు ప్లాను గోడకు అంటించారు. కూడబలుక్కుని చదివాను. అయ్యగారి గదికి పేరుంది. కంప్యూటర్ పెట్టెలకు కూడా ఓ గది, దానికో ఏసీ. మెట్ల కింద టీ పెట్టే చోట మాత్రం 'స్పేస్ ఇరవై ఏడు'. ఫ్యాను లేదు, పొగ పోయే దారి లేదు.

హేమమ్మ గారూ, తల దించుకోకండి, మీరు మంచివారే. పంచదార ఎక్కువ వేయించుకుంటారంతే. (నవ్వులు) ఈ పాత ఆఫీసులోనూ టీ పెట్టేది మెట్ల కిందే, ఆ పొగకు నా కళ్లు మసకబారాయి, పోనీయండి. సువార్తమ్మకు అసలే ఆయాసం.

ఈ ఎండల్లో శాలువా కప్పారు, సంతోషం. వెనక్కి తీసుకుని ఆ గదికి పేరు పెట్టండి. ఇప్పుడే. భోజనాలు చల్లారిపోతాయని నాకూ బెంగగానే ఉంది.

(హేమ గారు, వెనకే మణికుమార్ లేచి కంప్యూటరు దగ్గరికి వెళ్లారు.)

ఏం రాశారమ్మా? 'టీ గది'. నొక్కు బాబూ. వచ్చిందా? పొగ లాగే ఫ్యాను కూడా పెట్టు, పెట్టేదాకా నేను మైకు వదలను. (చప్పట్లు)

సువార్తమ్మా, కట్టాక పైకి చూడు. ఆ ఫ్యాను తిరక్కపోతే కబురు పెట్టు, వచ్చేస్తాను. అందరికీ కృతజ్ఞతలు. స్టవ్ కట్టేశానో లేదో ఓసారి చూసుకుని వెళతాను. సెలవు.