‘కుమారి ఎస్.’ పేరు కింద

ఖరగ్‌పూర్, తాల్‌బగీచా. 1992 ఫిబ్రవరి, ఒక ఆదివారం పొద్దున్న. రిటైరైన బడిపంతులు యజ్ఞనారాయణ ఇంటి వరండా. ఆయన, భార్య శ్యామలాంబ, చనిపోయిన వాళ్ళమ్మాయి స్వర్ణతో కలిసి పరిశోధన చేసిన అచ్యుతరావు.

“అరవై ఒకటా?”

“అరవై ఒకటండీ మాస్టారూ. మూడు రోజులు లైబ్రరీలో కూచుని చూసినాను. స్వర్ణ రాసిన మొదటి పేపరొక్కదాన్నే అంతమంది తమ పేపర్లలో చెప్పుకున్నారు.”

“మరి ఉద్యోగం కమిటీవాళ్ళు నాలుగని రాసినారేటి? ఇదిగో ఉత్తరం, దాని పెట్టెలో దొరికింది. ‘ఈమె పరిశోధనను ఇతరులు ఉదహరించినది నాలుగు చోట్లే, ఉద్యోగం ఇవ్వలేము.’ అంత చదువుకున్నవాళ్ళకి లెక్కపెట్టడం రాదా?”

“నాలుగూ నిజమేనండి. ఆకుండి స్వర్ణకుమారి పేరు కింద ఉన్నవి నాలుగే.”

“అదే కదా దాని పేరు?”

“మొదటి పేపరప్పుడు కాదండి. సర్టిఫికెట్లో ఉన్నట్టే, ఇంటిపేరు లేకుండా వేసినాది. ఎవరు ఎవర్ని ఉదహరించారో లెక్క రాసే లావుపాటి సూచికలుంటాయి. పేరులో చివరి ముక్కే ఇంటిపేరనుకుంటారు వాళ్ళు, అందుకని వాటిలో అది ‘కుమారి ఎస్.’ కింద పడిపోయింది. తరవాత పాస్‌పోర్టులో ఇంటిపేరు చేరింది. అక్కణ్ణించి అన్నీ ఆకుండి కిందే. కమిటీ ఆ ఒక్కచోటే చూసింది.”

“రెండోచోట చూడొద్దా?”

“చూసినా తెలీదండి. ఆ కుమారి కింద ఎంతమందని. వరి తెగుళ్ళ మీద రాసినావిడొకర్తి, పళ్ళ డాక్టరొకర్తి, రొయ్యల పెంపకం ఆవిడొకర్తి. మధ్యలో మన స్వర్ణ నక్షత్రాలు.”

“నాకర్థమయ్యేలా చెప్పు బాబూ. అది చేసిన పని ఎవరికైనా పనికొచ్చినాదా?”

“వచ్చిందమ్మా. ఆకాశంలో మబ్బులాంటి వాయువు ముక్కలై చుక్కలు పుడతాయి కదా, ఏ ముక్క ఎంత చుక్క అవుతుందో స్వర్ణ లెక్క కట్టినాది. జపానులో ఒకాయన దుర్భిణీతో చూసి, అలాగే ఉందని రాసినాడు. పోలండులో ఇద్దరు...”

“చాలు నాయనా. జపానాయన చాలు.”

“శ్యామలా, నువ్వుండు. అచ్యుతం, ఆ కమిటీ పెద్ద ఎవరో అడ్రసు ఇయ్యి. ఇవాళే ఉత్తరం రాస్తాను. ముప్పై నాలుగేళ్ళు పిల్లల తప్పులు దిద్దినాను, వీళ్ళదీ దిద్దుతాను. అయినా, సర్టిఫికెట్లో ఇంటిపేరు లేకుండా ఎవడు రాసినాడు?”

“టీ చల్లారిపోతోంది మాస్టారూ.”

“అడిగినదానికి చెప్పు.”

“అమ్మా, కాస్త పంచదార...”

“అతన్నెందుకడుగుతారు? మీరే కదండీ. ఝపటాపూర్‌లో బళ్ళో వేసినప్పుడు. ఆడపిల్లకి ఇంటిపేరెందుకు, పెళ్ళయితే ఎలాగూ మారిపోతుంది, ఊరికే కొట్టివేతలు అన్నారు.”

“అన్నానా?”

“అన్నారు.”

“మారనే లేదు.”

“ఆ రోజుల్లో అందరూ అలాగే రాసినారండి. మా చెల్లిదీ అంతే.”

“మీ చెల్లి ఉంది కదా అచ్యుతం. ఇది తన పని నలుగురికే పట్టిందనుకుని పోయింది. కామెర్లతో మంచంలో ఉండి కూడా అదే అనుకుని ఉంటుంది.”

“లేదు మాస్టారూ, అలా అనుకోకండి. తనకి తెలుసు. ముందు కనిపెట్టినాదే తను.”

“తెలుసా? తెలిస్తే కమిటీకి చెప్పొద్దా?”

“చెప్పినాది. రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ తెమ్మన్నారు. నెల గడువిచ్చారు.”

“తేవలసింది.”

“తండ్రి సంతకం కావాలండి. ‘నా పొరపాటు వల్ల’ అని మొదలవుతుంది ఆ కాయితం.”

“అయితే ఏటి? నన్నడగలేదే. నేనెక్కడికి పోయినాను, ఇక్కడే ఉన్నాను కదా.”

“వదిలీయండి మాస్టారూ. గడువు దాటిపోయింది.”

“అచ్యుతం.”

“అడగడానికే వచ్చినాదండి. ఎనభై తొమ్మిదిలో, దసరా పూజ సెలవులకి.”

“ఆ పూజలకా? అప్పుడు నా రిటైర్మెంటు సన్మానం.”

“ముందు వరసలో కూచుంది బాబూ. ‘ఈయన రాసిన రిజిస్టర్లలో ముప్పై నాలుగేళ్ళలో ఒక్క కొట్టివేత లేదు’ అని హెడ్మాస్టరుగారు అంటే, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. ఇంకో నాలుగు రోజులుంది. ఏ కాయితం మాటా ఎత్తలేదు.”

“నేనూ అడిగినానమ్మా, తిరిగొచ్చాక.”

“ఏటన్నది?”

“‘నాన్న అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూళ్ళేదు, ఉద్యోగం ఇంకోటి చూసుకుంటాలే’ అన్నాది.”