కామరాజు ఇచ్చిన కుక్కపిల్ల

గోదావరిఖనిలో ఒక బొగ్గుగని కార్మికుల క్వార్టరు. పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది, వాన వెలిసిన ఒక సాయంత్రం. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి కూర్చున్న సదయ్య, ఆయన భార్య అనసూర్య, కాసేపటికి పక్క క్వార్టరు కామరాజు, గని టైమాఫీసు గుమస్తా. ఇకమీద మాటలన్నీ వాళ్ళవే. మధ్యలో దూరి తీర్పులు చెప్పే అలవాటు నాకు లేదు.

"మల్ల దాటినవ్!"

"ఏం దాటిన్నే?"

"కుక్కపిల్ల ఉచ్చ. కాల్వ దాటినట్టు దాటినవ్. నీకు కండ్లు కనవడుతలేవని నేను వాడకట్టంత చెప్పుకుంట తిరుగుతున్న, నువ్వేమొ గిట్ల! ఎవ్వలన్న సూస్తె ఏమైతది చెప్పు?"

"ఎవ్వలు సూస్తరే? ఇంట్ల నువ్వు, నేను, గా మోతి."

"ఇంట్ల అలవాటైతెనె మెడికల్ బోర్డు ముంగట అయితది. వచ్చే నెల కొత్తగూడెంల డాక్టర్లు సూస్తరు. గాడ గూడ గిట్లనె దాటుతవా? నీ కండ్లు పోయినయని రాసి నిన్ను అన్‌ఫిట్ జేస్తెనె గద అల్లుడు ఎల్లన్నకు నీ నౌకరి వచ్చేది!"

"వస్తది తియ్యి."

"ఏం వస్తది? అల్లుడు మంచిర్యాలల రైసుమిల్లు బస్తాలు మోసి మోసి నడుము ఇరగ్గొట్టుకుంటున్నడు. బిడ్డ సరోజన కడుపుతోని ఉన్నది. అసలు గీ నాటకం ఎవల్ది? నాదా? నువ్వే గద ఎండకాలంల, 'అనసూర్యా, కండ్లు కనవడనట్టు ఆడుత, నువ్వు సాయం పట్టు' అన్నవ్."

"అన్న."

"మరి ఆడు! మంచిగ ఆడు."

"వాసనొచ్చిందే. గందుకె దాటిన."

"గట్లయితె ముక్కు గూడ మూస్కో."

"నవ్వియ్యకు."

"నేను నవ్వుతలేను. నాకు గీ కుక్కపిల్ల మీదనె అనుమానంగున్నది."

"కుక్కపిల్ల మీద అనుమానమేందే? మూడు నెలల పిల్ల."

"పిల్ల మీద గాదు, ఇచ్చినాయిన మీద. కామరాజు సారు మనకే ఎందుకిచ్చిండు?"

"మేనేజరు బంగ్లల కుక్క ఈనిందట. కాదనలేక తెచ్చుకున్నడట. ఇంట్ల ఆమెకు కుక్కలంటె పడదట."

"గీ లైన్ల ఇంకెవ్వలు లేరా? ఆల్సేషన్ పిల్లను ఊకెనే ఇస్తరా ఎవ్వలన్న? దాని కాళ్ళు సూడు, ఇప్పుడే నా మణికట్టంత ఉన్నయి. రేపు దూడంత అయితది. పాలు పోసినా సాలదు, గంజి పోసినా సాలదు. నీతోని పనిజేసే ఖాజా బక్రీదు మాంసం బొక్కలిస్తె అవ్విటిని గూడ నమిలి, నీ బూటు నమిలింది."

"ఇంటికి కావలుంటది పోనియ్యి."

"నువ్వు అమాయకునివయ్యా. ఆయన బామ్మర్ది గూడ నీ లెక్కనె కండ్లు పోయినయని కాయితం పెట్టిండు. మంచిగనె ఉన్నయని బోర్డోళ్ళు మల్ల బొగ్గుబాయిలకు తోలిండ్రు. గప్పటి సంది ఎవ్వలు అన్‌ఫిట్ కాయితం పెట్టినా ఆయన కండ్లు గాళ్ళ మీదనె. మనకు కుక్కపిల్లనిచ్చిండు. పొద్దుమాపు వచ్చి సూసిపోతున్నడు. సూసేది దాన్ని గాదు, నీ కాళ్ళను."

"నా కాళ్ళనా?"

"గది పోసినకాడ నువ్వు తొక్కుతున్నవా, దాటుతున్నవా అని!"

"ఓరి దేవుడా. నీకన్ని అనుమానాలేనే."

"సదయ్యా! ఉన్నావా?"

"అగో. నేను చెప్పలే? వచ్చిండు. గోడ పట్టుకో. గోడ పట్టుకో అంటున్న. నా దిక్కు సూసుకుంట మాట్లాడకు."

"ఎటు సూడాలె మల్ల?"

"ఎటన్న సూడు, పైకి సూడు. రండ్రి సారు! రండ్రి, కూసోండ్రి."

"కూర్చుంటాన్లే అమ్మా. ఎలా ఉంది మన మోతి? అబ్బో, నన్ను చూసి ఎగురుతోందే! ఇంట్లో పోయడం మానిందా?"

"ఏం మానుడు సారు."

"అదేంటి? నిద్ర లేవగానే బయటికి తీసుకెళ్ళాలి, తినగానే తీసుకెళ్ళాలి అని చెప్పాను కదా. బయట పోసిందంటే వెంటనే మెచ్చుకుని రొట్టె ముక్క పెట్టాలి."

"పెట్టిన సారు. రొట్టె తిన్నది, లోపలికొచ్చి పోసింది."

"కొట్టారా?"

"కొట్టలే."

"ముక్కు పట్టుకుని అందులో రుద్దారా?"

"ఒక్కపారి సారు. కోపమొచ్చింది."

"అలా చెయ్యకూడదమ్మా! పెద్ద జాతి పిల్ల. ఇప్పుడు బెదిరితే పెద్దయ్యాక మనిషిని దగ్గరికి రానివ్వదు. ఆ మూలనున్న గోనెసంచి ఏంటి?"

"గదా... గది ఏం లేదు సారు."

"ఏం లేకుండా ఎందుకు పరిచారు?"

"మొన్నటిదాంక ముసురు వట్టె గద, బయటికి తీస్కపోరాలే. గోనెసంచి మీద బొగ్గుపొడి పోసిన. పోస్తె పీల్చుకుంటది, ఎత్తి పారేస్తె అయిపాయె అనుకున్న. రెండొద్దులల్ల మంచిగ నేర్సుకున్నది."

"మంచిదేగా?"

"ఏం మంచిది సారు! ఇప్పుడు బొగ్గు వాసన యాడుంటె ఆడ పోస్తది. బొగ్గుల పొయ్యికాడ పోస్తది, బొగ్గుల గంపల పోస్తది, ఈయన డ్యూటీ బట్టల మీద పోస్తది. నిన్న ఈయన బాయి నుంచి వచ్చి నిలవడ్డడో లేదో, ఈయన కాళ్ళ మీదనె కూసున్నది."

"హహ్హహ్హా! గోదావరిఖనిలో ఉంటూ బొగ్గు మీద నేర్పారా? ఇంక ఊరంతా దానికి దొడ్డే!"

"నవ్వకుండ్రి సారు. కడిగి కడిగి సస్తున్న."

"నవ్వక ఏం చెయ్యమంటారు? ఇవాళే ఆ సంచి తీసి పారెయ్యండి. ఇల్లంతా ఫినాయిలు పెట్టి కడగండి. సదయ్యా, నువ్వేం మాట్లాడవేం?"

"ఏం మాట్లాడాలె సారు. నాకు కనవడకపాయె. కాలు తడైతె ఎరుకైతది."

"అసలేమీ కనబడదా?"

"మసక సారు. ఎలుతురు, నీడ, గంతే. పొద్దువాలితె గది గూడ లేదు."

"మరి గనిలోకి ఎలా దిగుతున్నావ్?"

"ఖాజా భుజం మీద చెయ్యేసి పోత సారు. ఆయన కప్పుకు పెట్టే దిమ్మె పట్టు అంటె పడుత, కొట్టు అంటె కొడుత."

"ఖాజాని అడిగాను. వాడు ఏమీ చెప్పలేదు."

"ఖాజాను మీరెందుకు అడిగిండ్రు సారు?"

"ఊరికేనమ్మా. మాటల్లో వచ్చింది."

"మాటలల్ల మా ఆయన కండ్ల ముచ్చట ఎట్ల వచ్చింది?"

"వచ్చిందమ్మా, అంతే. అదుగో, అదుగో, కూర్చుంటోంది! మోతీ! ఛీ, పోసేసింది."

"ఉండుండ్రి, నేను గుడ్డ తెస్త."

"మీరుండండమ్మా. సదయ్యా, ఇలా వచ్చి నా పక్కన కూర్చో."

"ఎందుకు సారు?"

"ఊరికే రావయ్యా, బీడీ ఇస్తాను."

"వస్తున్న. ఎటున్నరు?"

"ఇక్కడే. నేరుగా రా."

"సారు, నేను జెర తుడిసినంక..."

"మీరు ఉండండి అంటున్నానా? నడవనివ్వండి."

"అబ్బ. తడి. ఏం దొక్కిన్నే అనసూర్యా?"

"తొక్కినవా? తొక్కినవా అయ్యా! సూసిండ్రా సారు? గింత మడుగు, సక్కగ నడిమిట్ల పెట్టిండు కాలు!"

"చూశాను."

"మరింకేం!"

"మీరేంటమ్మా అంత సంతోషంగా అంటున్నారు?"

"సంతోషమా? ఏడుపు సారు. నా ఏడుపే గిట్లుంటది. నేను పోయి చాయ్ పెడుత."

"వెళ్ళండి... సదయ్యా, ఆవిడ లోపలికి పోయింది కాబట్టి ఒక మాట చెబుతా, ఏమనుకోకు. మా బావమరిది కూడా నీలాగే వీధిలో గోడలు పట్టుకుని నడిచాడు. ఇంట్లో మాత్రం సూదిలో దారం ఎక్కించేవాడు. నాకు ఆఫీసులో తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు నీ కాగితం నా బల్ల మీంచే పోవాలి. దొంగ కేసని తెలిసి కూడా పంపానంటే ఈసారి నా ఉద్యోగానికే ముప్పు. తెలిసిందంటే మాత్రం రాసి పంపేస్తాను. ఇరుగుపొరుగు అని చూడను."

"దొంగ కేసైతె రాయుండ్రి సారు."

"ఆ తర్వాత మీ అల్లుడికి ఉద్యోగం కలలో మాట."

"ఎరుకే సారు."

"సరే. అనసూర్యమ్మా, నాకు టీ వద్దు, తాగే వచ్చాను! నువ్వు లేవకు సదయ్యా. తలుపు నేనే దగ్గరికేసి పోతాను."

"మంచిది సారు... అనసూర్యా! చాయ్ దించి ఇటు రా. పోయిండు."

"పోయిండా? తలుపు సప్పుడు నేను గూడ ఇన్న. ఏమన్నడయ్యా గా ముదురు... అయ్యో!"

"ఏమైంది?"

"ఏం కాలే."

"చెయ్యి కాల్చుకున్నవా?"

"ఆఁ. కాలింది. నువ్వు... నువ్వు జెర పండుకోరాదయ్యా. పొద్దటి సంది డ్యూటీ జేసి వచ్చినవ్."

"గీ యాల్ల పండుడేందే? ఇటు కూసో. ఎట్ల తొక్కిన చెప్పు! నువ్వు నేర్పినట్టె తొక్కిన్నా లేదా?"

"నేనేం నేర్పిన? నేనేం నేర్పలే."

"గదేందే! దాటకు, తొక్కు, దాటకు, తొక్కు అని రోజు నా పానం తింటివి గద. మోతికి నేర్పరాలే గని నాకు మంచిగ నేర్పినవ్."

"ఊకో."

"ఎందుకు ఊకుంట? టైమాఫీసు సారునే బోల్తా కొట్టిచ్చినం! బొగ్గు ముచ్చటకు పడి పడి నవ్విండు, నడిమిట్ల నా కాళ్ళు సూసుడు ఆపలే. నువ్వన్నదే నిజం. ఇగ బోర్డోళ్ళు ఒక లెక్కనా?"

"అయ్యా, నీ కాళ్ళు మొక్కుత. నోరు మూసుకో."

"కాళ్ళు మొక్కుడేందే? నవ్వు. నవ్వుతవనె గద చెప్పుతున్న. గీ నాటకం అయినంక ఎల్లన్నకు నౌకరి, సరోజన గీ క్వార్టర్లనె మన కండ్ల ముంగట ఉంటది. మోతి ఏది? సప్పుడే లేదు. రా మోతీ, నీకు రొట్టె పెట్టాలె!"

"ఇంక చాలు అనసూర్యమ్మా. చేతులు ఊపకండి."

"సారు?"

"నేను పోలేదు సదయ్యా. తలుపు చప్పుడు చేసి లోపలే ఉన్నాను. ఇదుగో, నీకు ఎదురుగా. మోతి నా చంకలో ఉంది."

"సారు, ఈయన ఊకెనే పరాచికమాడిండు! మీ కాళ్ళు మొక్కుత సారు, రాయకుండ్రి. నా బిడ్డ బతుకు ఆగమైతది. తప్పు నాది, నాటకం నాది, నేనే ఆడమన్న..."

"ఏం నాటకమమ్మా? మీరు వంటింట్లోంచి వచ్చిన దగ్గర్నుంచి నోటి మీద వేలు పెడుతున్నారు. కళ్ళు పెద్దవి చేస్తున్నారు. దండం పెడుతున్నారు. నన్ను వేలు పెట్టి చూపించారు కూడా. ఆయన మీ ముఖంలోకే చూస్తూ నవ్వుతున్నాడు. ఆయనకు నేనూ కనబడటం లేదు, మీరూ కనబడటం లేదు. నేను పట్టుకుందామనే వచ్చాను. ఇలా దొరుకుతుందనుకోలేదు."

"ఏందయ్యా సారు అనేది? నిన్నే అడుగుతున్న. నా దిక్కు సూడు. నా చేతుల ఏమున్నది చెప్పు."

"పొద్దుగూకింది గదనే..."

"యాడ గూకింది? ఇంక ఎలుతురే ఉన్నది. చెప్పు. ఏమున్నది?"

"చాయ్ గిలాస."

"ఏం లేదయ్యా. నా చేతుల ఏం లేదు."

"అనసూర్యా..."

"నాటకమంటివి గద! నువ్వే అంటివి గద నాటకమని! నిన్ను తొక్కు తొక్కుమని నేను తిట్టితి, నువ్వు నవ్వుకుంట తొక్కితివి. ఎండకాలం సంది గిట్లనె దిగుతున్నవా బాయిల? గా చీకట్ల? నాకెందుకు చెప్పలేదయ్యా? అల్లుని పేరు జెప్పి నన్నెందుకు నవ్విచ్చినవ్?"

"బోర్డు పిలిసేదాంక నాగా లేకుంట దిగాలె గదనే. నాటకమంటె నవ్వుకుంట సద్ది గట్టిచ్చినవ్. నిజమంటె కట్టిస్తుంటివా?"